గ్రాస దె కొత్నారి: పంచదార కలిపారా, నేనే మోసపోయానా?

యాష్_కొత్తోడు
ఆఫీసులో నా పక్క సీటతను రొమేనియావాడు. "మా కొత్నారి వైను రాజులు తాగింది, ఇక్కడిదాకా వచ్చి అది రుచి చూడకపోతే ఎలా" అని నెల రోజులుగా ఊదరగొడుతున్నాడు. మొన్న శుక్రవారం సూపర్‌మార్కెట్లో గ్రాస దె కొత్నారి సీసా ఒకటి కొన్నాను. ముప్పై చిల్లర లేయి అయింది. ఇంటికొచ్చి చికెన్ బిర్యానీ వండుకుని, పెద్ద గ్లాసు నిండా పోసుకుని ఒక గుక్క వేశాను. జామూన్లు అయిపోయాక గిన్నె అడుగున పాకం మిగులుతుంది చూడండి, అందులో నిమ్మకాయ పిండినట్టుంది. బిర్యానీ ఘాటు ఒక పక్క, ఈ తీపి ఒక పక్క. రెండూ చెడ్డాయి. సగానికి పైగా సీసా ఫ్రిజ్‌లో అలాగే ఉంది. ఇందులో పంచదార కలుపుతారా? లేక నాకు డూప్లికేట్ అంటగట్టారా? పారబోయడానికి మనసు రావట్లేదు.

చుక్క_ముట్టను
నాకైతే మనసొస్తుంది. సింకు ఎటువైపో చెప్పు.

బుకారెస్ట్_బాబాయ్
ముందు సీసా మీద చిన్న అక్షరాలు చదువు నాయనా. సెక్, దెమిసెక్, దెమిదుల్చె, దుల్చె, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏముంది?

యాష్_కొత్తోడు
దెమిదుల్చె. దుల్చె అంటే తీపి అని తెలుసు బాబాయ్. దెమి అంటే ఏదో కొంచెమే అనుకున్నా.

బుకారెస్ట్_బాబాయ్
అక్కడే దెబ్బతిన్నావు. లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే సెక్. 12 దాకా దెమిసెక్. 12 నుంచి 45 దాకా దెమిదుల్చె. 45 దాటితే దుల్చె. అంటే నీ "కొంచెం" తీపి సీసాలో లీటరుకు పది చెంచాల పంచదారకు సమానమైన తీపి ఉండొచ్చు. డూప్లికేట్ ఏమీ కాదు. నువ్వు పాయసం తెచ్చుకుని పులుసన్నంలో కలుపుకున్నావు.

క్లూజ్_కోడర్
పాయసం పోలిక అదిరింది 😂

చుక్క_ముట్టను
లేయి అంటే గుర్తొచ్చింది. ఇక్కడి డబ్బు ఒకటైతే "లేవు", ఎక్కువైతే "లేయి". నాకు మాత్రం జీతం పడిన పదో రోజుకే అన్నీ లేవు.

లాబ్_లక్ష్మి
బాబాయ్ గారు చెప్పింది సరే గానీ, అతను అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పంచదార కలిపారా అంటే, లేదు. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం మామూలు వైనును తియ్యబరచడానికి పంచదార పొయ్యకూడదు. ఆ తీపి ద్రాక్షలోదే. లెక్క సులువు. రసంలో ఉన్న చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్ చేస్తుంది. లీటరుకు దాదాపు 17 గ్రాముల చక్కెర తింటే ఒక శాతం ఆల్కహాల్. లీటరు రసంలో 300 గ్రాములు ఉందనుకోండి. 12 శాతం ఆల్కహాల్ వచ్చేసరికి 204 గ్రాములు ఖర్చు. మిగతా 96 గ్రాములు అలాగే ఉండిపోతాయి, ఎందుకంటే అంత చిక్కటి రసంలో, అంత ఆల్కహాల్ మధ్య ఈస్ట్ ఇక పని చెయ్యలేక ఆగిపోతుంది. పాలు తోడుకున్నాక ఇంకా పులవకుండా ఫ్రిజ్‌లో పెట్టినట్టు, కొన్నిసార్లు చల్లబరిచి, వడకట్టి మనమే ఆపుతాం కూడా.

క్లూజ్_కోడర్
అక్కా, చవక సీసాల్లో కూడా అంతేనా? ముప్పై లేయికి అంత చిక్కటి రసం ఎవడిస్తాడు?

లాబ్_లక్ష్మి
మంచి ప్రశ్న. పంచదార వద్దన్న చట్టమే ద్రాక్ష రసం, లేదా దాంట్లోంచి నీళ్లు తీసేసి చిక్కబరిచిన రసం కలిపి తీపి సర్దుకోవడానికి ఒప్పుకుంటుంది. కాబట్టి చవక సీసాలో ఏ దారిలో తీపి వచ్చిందో బయట నుంచి చూసి చెప్పలేం. మోసం మాత్రం కాదు.

యాష్_కొత్తోడు
మరి 300 గ్రాములు ఎక్కడి నుంచి వస్తుంది? మనూళ్లో ద్రాక్ష ఎంత తీపిగా ఉన్నా ఇలా పాకంలా ఉండదు కదా.

బుకారెస్ట్_బాబాయ్
బూజు.

యాష్_కొత్తోడు
?

బుకారెస్ట్_బాబాయ్
బూజు పట్టాకే కోస్తారు. కావాలని.

శంషాబాద్_పందిరి
ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, దీనికి మాత్రం ఆగలేకపోయాను. బూజు పట్టాక కోయడమేంటి సార్? 90ల్లో మాకు శంషాబాద్ వైపు నాలుగెకరాల అనాబ్ షాహీ పందిరి ఉండేది. హైదరాబాద్ చుట్టూ అప్పుడు అవే తోటలు. ఒక ఏడు మార్చిలో, రేపో ఎల్లుండో కోతనగా మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు నాన్న పందిరి కింద నిలబడి తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. గుత్తులు లోపల్నుంచి మెత్తబడి, బూడిద రంగు నూగు పట్టి, రసం మా చొక్కాల మీద కారుతోంది. తెచ్చిన బుట్టలు ఖాళీగానే ట్రాక్టర్లో వెనక్కి పోయాయి. ఆ వాసన నాకింకా ముక్కులో ఉంది. అలాంటిదాన్ని కావాలని ఎవరైనా రానిస్తారా?

మెడికో_మూడో_ఏడు
రానిస్తారన్నా, నేను కళ్లారా చూశా. పోయినేడు అక్టోబర్ చివర్లో మా ఇంటి ఓనరమ్మ కొత్నారి దగ్గర వాళ్ల చెల్లెలింటికి తీసుకెళ్లింది. యాష్ సిటీ నుంచి కార్లో గంట. పొద్దున్నే వెళ్తే పొగమంచుకు అసలు కొండే కనపడలేదు. పదకొండింటికి మంచు విడిపోయి ఎండ కాసింది, స్వెటర్ తీసేశాం. ఆవిడ ఒక గుత్తి కోసి చేతిలో పెట్టింది. పై పళ్లు ఇంకా పసుపుపచ్చగా, బొద్దుగా ఉన్నాయి. మధ్యవి గులాబీ గోధుమ రంగుకు తిరిగాయి. అడుగువి ముడతలు పడి, చాక్లెట్ రంగులో, మీద బూడిద నూగుతో ఉన్నాయి. వేలు తగిలితే పొడి లేచింది. ఫంగస్ అనగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. ఆవిడ నవ్వి, ఒకటి తుంచి తన నోట్లో వేసుకుని ఇంకోటి నా నోటి ముందు పెట్టింది. ఇక తప్పలేదు. తొక్క నాలుక మీదే చితికిపోయింది. లోపల రసం లేదు, జామ్ లాంటి ముద్ద. తేనె, కిస్‌మిస్, చివర్లో కాస్త పుట్టగొడుగు వాసన. వేళ్లు సాయంత్రం దాకా బంక బంకగా ఉన్నాయి.

లాబ్_లక్ష్మి
దాని పేరు బోట్రైటిస్ సినేరియా. స్ట్రాబెర్రీలను పాడుచేసే బూడిద బూజు కూడా అదే. ద్రాక్ష తొక్కకు కంటికి కనపడనంత సన్న చిల్లులు పెడుతుంది. పొద్దున పొగమంచు దానికి ప్రాణం పోస్తుంది, మధ్యాహ్నం ఎండ దాన్ని అదుపులో పెడుతుంది, ఆ చిల్లుల్లోంచి పండులో నీళ్లు ఆవిరైపోతాయి. చక్కెర, పులుపు, వాసన లోపలే చిక్కబడతాయి. శంషాబాద్ అన్నా, మీ తోటలో మూడు రోజులు వాన ఆగలేదు, ఎండ రాలేదు. అప్పుడు అదే జాతి బూజైనా కుళ్లే. ఇక్కడా వరసగా వాన పడితే అంతే, ఆ ఏడు తీపి వైను ఉండదు.

శంషాబాద్_పందిరి
అంటే ఎండకూ వానకూ మధ్య జూదం అన్నమాట. ఈ జాతి ద్రాక్షకే ఎందుకు పడుతుంది మరి?

లాబ్_లక్ష్మి
మిగతావాటికీ పడుతుంది. గ్రాసకు తొక్క పలచన, కాబట్టి త్వరగా లొంగుతుంది. మొండిగా పండుతూనే ఉంటుంది, ఆకులు రాలేదాకా చెట్టు మీదే ఉంచొచ్చు.

క్లూజ్_కోడర్
"గ్రాస" అంటే రొమేనియన్‌లో లావుపాటి ఆడమనిషి అని ఎవరూ చెప్పలేదే. కొత్తలో షాపుకెళ్లి కౌంటర్ దగ్గరున్న ఆవిడతో, నాకొచ్చిన నాలుగు ముక్కలూ కూర్చుకుని "నాకొక గ్రాస కావాలి" అన్నాను. ఆవిడ కూడా కాస్త బొద్దుగానే ఉంటుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్నలా చూస్తూ ఉండిపోయింది. వెనక లైన్లో ఉన్న తాతగారు మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

తెనాలి_నాలుక
😂😂 సీసా ఇచ్చిందా లేదా?

క్లూజ్_కోడర్
ఇచ్చింది. సంచి ఇవ్వలేదు.

బుకారెస్ట్_బాబాయ్
పేర్లన్నీ అంతే. కొత్నారిలో పాతకాలం నుంచి నాలుగు తెల్ల ద్రాక్షలు. గ్రాస, లావుపాటిది. ఫెతెయాస్క ఆల్బ, తెల్ల కన్నెపిల్ల. తమియోవాస, సాంబ్రాణి వాసనది, అదొక మస్కట్ రకం, గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే తెలిసిపోతుంది. ఫ్రంకూష, నలుగురిలో గయ్యాళి, పులుపెక్కువ, దీన్ని ఎక్కువగా సెక్ గానే చేస్తారు. కొత్తోడా, నీ బిర్యానీకి ఫ్రంకూష కొనాల్సింది.

తెనాలి_నాలుక
ఒప్పుకోను బాబాయ్. కారానికి పూర్తి సెక్, అదీ పులుపెక్కువది పెడితే నోరు ఇంకా మండుతుంది. కొంచెం తీపి ఉండాలి. ఫెతెయాస్క ఆల్బ దెమిసెక్ తాగి చూడండి, మా గుంటూరు వేపుడు మీదకు కూడా తూగుతుంది.

బుకారెస్ట్_బాబాయ్
నోరు మండితే మజ్జిగ తాగాలి. వైను మందా మాకా?

తెనాలి_నాలుక
మందే కదా బాబాయ్ 😀

యాష్_కొత్తోడు
సరే, ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నదాన్ని ఏం చెయ్యాలి? స్వీట్‌తో తాగితే సరిపోతుందా? నిన్న మిగిలిన జామూన్‌తో తాగి చూశా, ఈసారి వైను పుల్లగా, నీళ్లనీళ్లగా అనిపించింది. నా నాలుకే చెడిందా?

తెనాలి_నాలుక
నాలుక బాగానే ఉంది. తినేది వైను కంటే తియ్యగా ఉంటే వైను తేలిపోతుంది. కాబట్టి తీపి తక్కువున్నది తిను. ఇక్కడ పండగలకు చేసే కోజొనాక్ రొట్టె, అక్రోటు ముద్ద పెట్టింది, దాంతో బాగుంటుంది. ఉప్పగా ఘాటుగా ఉండే గొర్రెపాల చీజ్ అయితే ఇంకా. నా మాట వినేట్టయితే ఖుబానీ కా మీఠా చెయ్యి, పంచదార సగానికి తగ్గించి. మంచి గ్రాసలో ఉండేది అచ్చంగా ఆ ఎండు ఖుబానీ రుచే. హైదరాబాద్ పెళ్లి భోజనం చివర్లో ఉన్నట్టుంటుంది. చల్లగా, చిన్న గ్లాసులో. బిర్యానీ గ్లాసులో కాదు.

మెడికో_మూడో_ఏడు
సోడా కలిపితే? మా క్లాస్‌మేట్స్ అందరూ ష్ప్రిట్స్ అని వైనులో సిఫోన్ సోడా కొట్టుకు తాగుతారు, ఎండాకాలం అదే మంచినీళ్లు.

బుకారెస్ట్_బాబాయ్
గ్రాసలో సోడా అని ఓనరమ్మ ముందు అనకు, ఇల్లు ఖాళీ చేయిస్తుంది. ష్ప్రిట్స్‌కు ఫెతెయాస్క రెగాల సెక్ వాడతారు. దేశంలో ఎక్కువగా పండే తెల్ల వైను ద్రాక్ష అదే. ట్రాన్సిల్వేనియాలో సిగిషోవార దగ్గర దానెష్ అనే ఊళ్లో పుట్టింది. మన గ్రాసకూ ఆ తెల్ల కన్నెపిల్లకూ పుట్టిన బిడ్డ అని పెద్దలు చెప్పుకుంటూ వచ్చారు.

టోకాయ్_తెలుగోడు
బుడాపెస్ట్ నుంచి. ఇంత పొగుడుతున్నారు, ఒక మాట చెప్పనివ్వండి. మా హంగేరీలోని టోకాయిలో వైనుకు ఒప్పుకున్న ఆరు ద్రాక్షల్లో ఇదీ ఒకటి. కొవేర్‌సోలో అంటాం. అర్థం అదే, లావు ద్రాక్ష. బూజు వైనుకు ప్రపంచంలో పేరు మాది. మీరు మా వెనక వచ్చారు.

యాష్‌లో_ఆరేళ్లు
ఇదిగో వచ్చాడు, కాజా అంటే తాపేశ్వరానిదా కాకినాడదా అనే రకం. అయ్యా, దిమిత్రీ కాంతెమీర్ అని మోల్దావియా పాలకుడు, పండితుడు ఒకాయన 1710ల్లో తన దేశం గురించి లాటిన్‌లో రాస్తూ కొత్నారి వైనును మీ టోకాయ్ కంటే పైన పెట్టాడు. రంగు ఆకుపచ్చగా ఉంటుందనీ, పాతబడే కొద్దీ ఇంకా పచ్చబడుతుందనీ కూడా రాశాడు.

టోకాయ్_తెలుగోడు
సొంత రాజ్యం వైనును సొంత రాజు పొగిడితే అది సాక్ష్యమా? మా అమ్మ కూడా నన్ను మహేష్‌బాబు అంటుంది.

యాష్‌లో_ఆరేళ్లు
😂 అది సరే. కానీ 1457 నుంచి 1504 దాకా మోల్దావియాను ఏలిన ష్టెఫాన్ చెల్ మారె పేరు ఆ ఊళ్లో ఇంకా నోట్లో నానుతూనే ఉంది. 1560ల్లో ఒక పాలకుడు అదే ఊళ్లో లాటిన్ బడి పెట్టాడు. వైనున్న చోట చదువు నిలుస్తుందని నమ్మినట్టున్నాడు. మన హాస్టల్ చూస్తే ఆయన తప్పని అర్థమవుతుంది.

చుక్క_ముట్టను
రెండూ బూజే కదా, దానికి కొట్టుకోవడం దేనికి. బూజు పట్టిన ఆవకాయ జాడీ మా ఇంట్లో ఉంది, దానికి ఏ రాజు పేరు పెడదాం?

లాబ్_లక్ష్మి
అది పారెయ్యండి. నిజంగా. ఏ బూజు పడితే ఆ బూజు కాదు.

యాష్‌లో_ఆరేళ్లు
ఒక్క విషయంలో మాత్రం కొత్తోడి పక్కన నిలబడతాను. ఇక్కడివాళ్లలోనే చాలామంది కొత్నారి అనగానే మూతి విరుస్తారు. కమ్యూనిస్టుల రోజుల్లో ప్రభుత్వ తోటల నుంచి లెక్కకు మిక్కిలి సీసాలు తయారయ్యేవి, తీపి వైను అంటే చవక అనే ముద్ర పడింది. 1989 తర్వాత కూడా అది పూర్తిగా పోలేదు. మా బాస్‌కు కొత్నారి ఇస్తే "వంటకు పనికొస్తుంది" అన్నాడు. అదే మనిషికి వాళ్ల మామగారు నేలమాళిగలోంచి ముప్పై ఏళ్ల గ్రాస తీస్తే మాట పడిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను. రంగు పాత నెయ్యిలా, అంచున కాస్త తుప్పు. బిరడా సగం విరిగి లోపల పడింది, టీ జల్లెడతో వడకట్టాం. తీపి ముందుకు తోసుకు రాదు. ముందు అక్రోటు, తర్వాత ఎండు ఖుబానీ, ఆ తర్వాతెప్పుడో పులుపు వచ్చి నోరు కడిగేస్తుంది. తీపికి ఆ పులుపు తోడు లేకపోతే కొత్తోడన్నట్టు జామూన్ పాకమే. నీ సీసాలో లోపం తీపి కాదు తమ్ముడూ, పులుపు చాలకపోవడం.

యాష్_కొత్తోడు
అన్నా, ఇన్ని పోస్టుల్లో నా నోటికి తగిలింది ఏంటో మీరొక్కరే చెప్పారు.

మెడికో_మూడో_ఏడు
వాళ్లింట్లో తాగేటప్పుడు ఏదైనా పద్ధతి ఉందా అన్నా? మొన్న ఓనరమ్మ గ్లాసులోంచి నాలుగు చుక్కలు నేల మీద పోసింది, ఒలికిందనుకుని గుడ్డ తెచ్చాను.

యాష్‌లో_ఆరేళ్లు
ఒలకలేదురా, పోయినవాళ్ల కోసం పోసింది. మన తర్పణం లాంటిదే అనుకో. నాదీ ఒక ఘనకార్యం చెప్తా. వచ్చిన మొదటి ఏడు పక్కింటి పెద్దాయన పోతే, నలభయ్యో రోజు భోజనానికి పిలిచారు. వైను పోశారు. నేను హుషారుగా "నొరోక్" అని పక్కాయన గ్లాసుకు నా గ్లాసు తాకించాను. టేబుల్ మొత్తం నిశ్శబ్దం. నొరోక్ అంటే అదృష్టం. చావు భోజనంలో అదృష్టం అనకూడదు, గ్లాసులు తాకించకూడదు. "దేవుడు క్షమించుగాక" అని తాగాలి. ఆ ఇంటావిడ వచ్చి నా భుజం తట్టి ఇంకాస్త పోసింది. ఇప్పటికీ ఆ మెట్ల మీద ఆవిడ ఎదురైతే తల దించుకునే వెళ్తా.

తెనాలి_నాలుక
సంక్రాంతికి ఇంటికెళ్తున్నా. రెండు సీసాలు తీసుకెళ్లొచ్చా?

క్లూజ్_కోడర్
కస్టమ్స్‌లో మనిషికి రెండు లీటర్ల దాకా పన్ను లేదు. 750 మిల్లీలీటర్లవి రెండైతే దర్జాగా. చెకిన్ పెట్టెలో, బట్టల మధ్యన, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టు. మా ఫ్రెండుది పగిలి, పెళ్లికని కొన్న పట్టుచీర మొత్తం తేనె వాసన. చీమలు కూడా పట్టాయి.

చుక్క_ముట్టను
వాళ్లావిడ పట్టలేదా?

శంషాబాద్_పందిరి
నిన్న నాన్నతో వీడియో కాల్. మెడికో తమ్ముడు నాకు పంపిన తోట ఫోటోలు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. మొదటి మాట, "పాపం, ఎవరిదిరా తోట?" కుళ్లింది కాదు, కావాలని అలా ఉంచారని చెప్పాను. నమ్మలేదు. "మందు కొట్టలేదా వాళ్లు?" అన్నాడు. "కొట్టలేదు నాన్నా, కొట్టకపోతేనే అది మందవుతుంది" అన్నాను. అమ్మ పక్క నుంచి ఫోను లాక్కుని, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావో ముందు అది చెప్పు అంది.

లాబ్_లక్ష్మి
😂😂 కానీ నాన్నగారికి ఒక సవరణ చెప్పండి. అసలు కొట్టరని కాదు. ఎండాకాలంలో ఆకు తెగుళ్లకు ఇక్కడా కొడతారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమమే.

శంషాబాద్_పందిరి
చెప్పాను. మైలుతుత్తం అనగానే మొహం వెలిగింది. మా పాత స్ప్రేయర్ ట్యాంకు ఇంకా నీలంగానే ఉందట, తోట అమ్మి ప్లాట్లు పడ్డాక కూడా షెడ్డులోంచి పారెయ్యలేదట. ఒక చిన్న సీసా తెమ్మన్నాడు. తాగడానికి కాదట, వాసన చూడ్డానికి.

యాష్_కొత్తోడు
ఫ్రిజ్‌లోది నిన్న అయిపోయింది. ఖుబానీ దొరకలేదు, ఇక్కడి గొర్రెపాల చీజ్‌తో కానిచ్చాను, పర్లేదు. వచ్చే శనివారం కొత్నారి వైపు వెళ్తున్నా, ఈసారి సీసా మీద అక్షరాలన్నీ చదివే కొంటాను. కార్లో రెండు సీట్లు ఖాళీ. పొద్దున ఏడుకు బయలుదేరాలి, పొగమంచు ఉండగానే. నడిపేది నేనే కాబట్టి రుచి చూసే పని మీదే.

చుక్క_ముట్టను
నేనొస్తా. వెనక్కి నేను నడుపుతాను, నువ్వు తాగు.